కౌగిలి తీసేసి కాళ్లు మొక్కించాను

నా బీరువాలో, పట్టుచీరల అడుగున, పాత రుమాలులో కట్టిన జమ్మి ఆకుల పొట్లం ఒకటి ఉంది. ప్రతి దసరాకూ నా తమ్ముడు నా చేతిలో పెట్టిన బంగారం అది. బరువు చూస్తే చిటికెడు కూడా ఉండదు. ఆ చిటికెడు బరువును ఏళ్ల తరబడి మోశాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకైతే సగం చెప్పి ఆపేస్తాను.

ముందే ఒక మాట. ఏడుపు కోసం చూసేవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు. నాకు పొగరెక్కువని మా వాడలో చిన్నప్పటి నుంచీ అంటారు. ఉంది. లేదని ఎందుకనాలి? తప్పు చెప్పుకునేటప్పుడు కూడా తల దించుకోవడం నాకు చేతకాదు. నా తమ్ముడి సంగతి చెప్పేటప్పుడైతే అసలే చేతకాదు.

మాది సిరిసిల్ల. కింద సాంచలు, పైన మేము. సాంచా అంటే మరమగ్గం. బాపు వాటి మీదే బతికాడు, మమ్మల్ని బతికించాడు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే ఉన్నాం కాబట్టి మా ఇంట్లో అందరిదీ పెద్ద గొంతు. కరెంటు పోయి సాంచలు ఆగితే, ఏమైందోనని మధ్యాహ్నం నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటాం. నేను కరీంనగర్‌లో కంప్యూటర్ చదువు చదివి, హైదరాబాద్‌లో గేములు చేసేచోట కొన్నాళ్లు పనిచేసి, కరోనా రోజుల్లో ఇంటికొచ్చి ఉండిపోయాను. తమ్ముడు అప్పటికి డిగ్రీలో ఉన్నాడు. వాడిని ఇంట్లో చిన్నోడు అంటాం. వాడు బొమ్మలు వేస్తాడు, కథలు రాస్తాడు. ఆ పై గదిలో కూర్చుని మేమిద్దరం కలిసి ఫోన్లో ఆడుకునే ఒక గేమ్ చేశాం. కథ వాడిది, బొమ్మలు వాడివి, కోడ్ నాది.

అందులో ఒక తెల్లరక్కసుడు ఉంటాడు. లోకంలో ఉన్న రంగులన్నీ మింగేసి ప్రతి బట్టనూ తెల్లగా చేసేస్తాడు. ఆడేవాళ్లు చిన్న దండు కట్టుకుని, కోటకోటకూ తిరిగి, పోయిన రంగుల్ని పోగుపోగుగా తెచ్చుకోవాలి. ఇలాంటి ఆటల్లో కత్తులూ మంత్రాలూ ఎన్ని ఉన్నా, ప్రాణం మాత్రం దండులోని మనుషుల్లోనే ఉంటుంది. వాళ్లతో మాట్లాడుతూ నడిస్తే, నమ్మకం కుదిరాక, ఒక్కొక్కరు తమ కథ చెప్పుకుంటారు. మా దండులో సాంబడు అని ఒక నేతగాడు, ఓదన్న అని ఒక గుర్రపురౌతు ఉన్నారు. నేను చేసిన తప్పు వాళ్లిద్దరి మధ్యే ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. యుద్ధం మొదలైనప్పుడు మోగేది ఏ వాయిద్యమని ఎక్కడెక్కడి వాళ్లో అడిగారు. అది మా బాపు సాంచా. చిన్నోడు మెట్ల మీద కూర్చుని ఫోన్లో రికార్డు చేశాడు. ఈ మాట చెప్పే అవకాశం వస్తే నేను ఎప్పుడూ వదులుకోను.

చిన్నోడికి ఈ ఆటల పిచ్చి పట్టించింది నేనే. బయటిదేశాల వాళ్లు చేసిన పెద్దపెద్ద ఆటలు కొన్నింటిలో మన వీరుడు ఎవరిని ప్రేమించాలో మనమే ఎంచుకోవచ్చు. రాజకుమారి ఉంటుంది, మంత్రగత్తె ఉంటుంది, విలుకాడూ ఉంటాడు. చిన్నోడు విలుకాణ్ణే ఎంచుకునేవాడు. వెనక నిలబడి చూసి, "తప్పు నొక్కినవ్‌రా" అనేదాన్ని. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఇంకో ఆటలోనూ అదే తప్పు. మళ్లీ ఇంకోదాంట్లోనూ అదే. ఇంత తెలివైన పిల్లవాడు ప్రతిసారీ అక్కడే ఎందుకు తప్పు నొక్కుతున్నాడని నేను ఒక్కసారీ అడగలేదు. తెలియకా? తెలుసుకోవడం ఇష్టం లేకా? ఇప్పుడు ఆలోచిస్తే రెండోదే అనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం కింద సాంచలకు పడుగునూలు చుట్టిన బీములు మారుస్తున్నారు. సాంచలన్నీ ఆగి ఉన్నాయి. చిన్నోడు నన్ను పిలిచి తను అప్పుడే పూర్తిచేసిన సీను చూపించాడు. దసరా నాడు దండు జమ్మిచెట్టు దగ్గర ఆగుతుంది. మా దిక్కున ఆ రోజు జమ్మి ఆకునే బంగారం అంటాం. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. ఈడువాళ్లు ఒకరికొకరు పెట్టుకుని కౌగిలించుకుంటారు. సీనులో ఓదన్న గుర్రం దిగి, ఆకు తెంపి, అందరినీ దాటుకుంటూ వచ్చి సాంబడి చేతిలో పెడతాడు. "ఈ యేడు బంగారం నీకే. వచ్చే యేడు సుత నీకే. చెట్టుకు ఆకున్నన్ని యేండ్లు నీకే" అంటాడు. ఇద్దరూ కౌగిలించుకుంటారు. త్వరగా విడిపోరు. సాంబడి తెల్లటి రుమాలులోకి మెల్లగా ఎరుపు వస్తుంది. కథలో మొట్టమొదట తిరిగొచ్చే రంగు అదే.

"మంచిగున్నది," అన్నాను. "దోస్తులంటే గిట్లుండాలె."

"దోస్తులు కాదక్కా."

"మరేంది?"

"ప్రేమించుకుంటున్నరు."

"ఇద్దరు మొగోళ్లా?"

"ఆఁ."

"నువ్ ఆడే ఆటలల్ల ఉన్నరు గదరా గసొంటోళ్లు. మనదాంట్ల ఎందుకు?"

"ఉన్నరు. మంచుకొండలల్ల ఉన్నరు, రాళ్లకోటలల్ల ఉన్నరు. సగం మందిని కథ నడుమనే సంపేస్తరు. ఇంకొందరు ఉట్టిగ నవ్వుకునేతందుకు ఉంటరు. సాంచా నడిపేటోడు, దసరాకు బంగారం పంచేటోడు, మన తీరు మాట్లాడేటోడు ఒక్కడన్న ఉన్నడా? ఎన్ని ఆటలు ఆడిన్నో నీకెరుకే గదా. నా అసొంటోడు యాడ దొర్కలె."

'నా అసొంటోడు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. వాడు నా మొహంలోకి చూడకుండా ఫోన్ వైపే చూస్తూ చెప్పాడు.

"సాంబడు నేనే అక్కా."

కింద ఎవరో బీము దొర్లిస్తున్న చప్పుడు వినిపించింది. నేను వాడి తల మీద చెయ్యి వేశాను. నిజంగానే ప్రేమతో వేశాను, ఆ ఒక్కటీ నమ్మండి.

"నాకు చెప్పినవ్ గదా. ఇగ రంది పెట్టుకోకు," అన్నాను.

"గీ సీను మాత్రం ముట్టుకోకక్కా."

"ముట్టుకోనురా."

ముట్టుకున్నాను.

గేమును బయటికి తెచ్చే కంపెనీ హైదరాబాద్‌ది. అక్కడి నుంచి ఒకామె నాతో ఫోన్లో మాట్లాడేది. ఆటంతా చూసి, "ఓదన్న, సాంబడు కథ మా టీమ్‌లో అందరికీ చాలా నచ్చిందండీ. జమ్మిచెట్టు సీను చూసి ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఇంకొంచెం పెంచగలరా?" అంది. ఆమె మాటలు అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తున్నాయి. చూస్తామని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ మాట చిన్నోడికి చెప్పలేదు. చెబుదామని లేచాను కూడా. మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చాను.

అప్పటికే సిరిసిల్లలో మా పేరు మోగుతోంది. మోగుతోంది అంటే నా పేరు. నేతపనోళ్ల బిడ్డ గేమ్ చేసిందట అని టీకొట్ల దగ్గర మాట్లాడుకుంటున్నారు. కులసంఘం హాల్లో శాలువా కప్పుతామని పెద్దమనుషులు వచ్చి చెప్పిపోయారు. కోరుట్ల సంబంధం కుదిరింది, అత్తగారి తరఫు పిల్లలందరూ గేమ్ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. అంటే వీళ్లందరి ఫోన్లలోనూ సాంబడు ఉంటాడు. సాంబడి ఇల్లు మా ఇల్లే. అవే మెట్లు, అదే రేకుల షెడ్డు. సాంబడి ముక్కు కూడా నా తమ్ముడి ముక్కే. చూసినవాళ్లు ఇట్టే పోల్చేస్తారు. అలాంటివాళ్లను పిలవడానికి మా వాడలో ఒక మాట ఉంది. దాన్ని ఇక్కడ రాయను. ఆ మాట వాడి వెనక వినిపిస్తుందేమోనని భయపడ్డాను.

ఆ భయం అబద్ధం కాదు. కానీ అదొక్కటే అయితే వాణ్ణి కూర్చోబెట్టి, "నాకు భయమైతుందిరా, ఏం చేద్దాం?" అని అడిగి ఉండేదాన్ని. అడగలేదు. ఎందుకు అడగలేదు? ఏళ్లపాటు ఈ ప్రశ్నకు 'వాడి కోసమే' అని జవాబు చెప్పుకున్నాను. ఆ జవాబు వేడన్నంలా కడుపుకు హాయిగా ఉండేది. అసలు జవాబు శాలువా. మచ్చలేని శాలువా కావాలనుకున్నాను. నా పేరు పక్కన ఇంకే మాటా వినిపించకూడదనుకున్నాను. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. కోడ్ నా చేతిలో ఉందని వాడి కథను కొరికాను.

ఎంత తేలికగా కొరికానో చెప్పాలి. సీను తీసేయలేదు. తీసేస్తే కథ తెగిపోతుంది. కౌగిలించుకునే కదలికను పక్కన పెట్టి, దాని చోట కాళ్లు మొక్కే కదలికను పెట్టాను. దండులోని ముసలి గురువుకు మొక్కడానికని చిన్నోడే గీసిన కదలిక అది. ఓదన్న చెప్పే మాటలు తీసి, "అన్నా, బంగారం" అని రాశాను. అంతే. టీ చల్లారేలోపు అయిపోయింది. ఓదన్న వచ్చి, వంగి, సాంబడి కాళ్లు మొక్కాడు. ప్రేమికుడు తమ్ముడైపోయాడు. ఎవరికీ అనుమానం రాని మర్యాద. మావాళ్లకు మాత్రమే తట్టే మోసం అది, మా పండుగతోనే చేశాను.

చిన్నోడితో, "కంపెనోళ్లు ఒద్దంటున్నర్రా. ఎంత జెప్పినా ఇంటలేరు," అన్నాను.

వాడు, "సిరిసిల్ల ఒద్దంటదని ఎరుకే. అవతలోళ్లు సుత ఒద్దంటరనుకోలె," అన్నాడు. లేచి కిందికి పోయి బాపు పక్కన నిలబడి సాంచాకు నూలు కండెలు అందించాడు.

ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. మా వాడ దాటితే తనకు చోటుందని వాడు నమ్మాడు. ఆ ఆటలన్నీ వాడికి ఆ చోటు తాలూకు కిటికీలు. ఆ కిటికీలన్నీ నేను మూశాను, మూసి లోకం మూసిందని చెప్పాను. లోకం ఆ పూట ఏ పాపమూ ఎరుగదు. చెయ్యి చాపి, ఇంకొంచెం పెంచమని అడిగింది. ఒద్దన్నది నేను.

శాలువా కప్పారు. హాలు చివరి వరుసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే.

గేము బాగా ఆడింది. రెండో భాగం రాయమంటే వాడు రాయనన్నాడు. జగిత్యాలలో కంప్యూటర్ నేర్పేచోట పనికి కుదిరి, అక్కడే గది తీసుకున్నాడు. నాకు పెళ్లై కోరుట్లకొచ్చాను. బతుకమ్మకు నేను సిరిసిల్ల పోతాను, దసరా పొద్దుటికి వాడూ వస్తాడు. సాయంత్రం జమ్మి దగ్గరికి పోయొచ్చి, నా చేతిలో బంగారం పెట్టి, వంగి నా కాళ్లు మొక్కుతాడు. నేను ఓదన్నతో చేయించిన కదలిక సరిగ్గా అదే. వాడి వీపు చూస్తూ, "సల్లంగుండు బిడ్డా" అనేదాన్ని. నాకు ఆ మాట అనే అర్హత ఉందా? లేదని తెలిసే అనేదాన్ని. ఆకు తెచ్చి రుమాలులో కట్టేదాన్ని.

నన్ను పట్టుకున్నది మా ఇంటివాళ్లు కాదు. ధర్మపురి నుంచి గేమ్ ఆడిన ఒకతను. ఆట కింద ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు కదా, అక్కడ రాశాడు. "అన్నా, ఓదన్న, సాంబడు ఇద్దరిదీ ఒకటే ఈడు. ఈడోళ్లు జమ్మి కాడ అలయ్ బలయ్ తీసుకుంటరు గని కాళ్లు మొక్కుతరా? ఇంకోటి, గా ఇద్దరు చూసుకునే చూపు అన్నదమ్ములది కాదు. ఈడ ఏదో తీసేసినట్టున్నరు."

చూపు! నేను కదలిక మార్చాను, మాటలు మార్చాను. కళ్లు మార్చలేదు. బొమ్మలు వేయడం నాకు రాదు. చిన్నోడు గీసిన కళ్లు గీసినట్టే ఉన్నాయి. తెగిన పోగును ముడేయకుండా సాంచా నడిపితే బట్ట పొడుగునా గీత పడుతుంది, ఎంత దూరం నేసినా ఆ గీత వెంటే వస్తుంది. ఆ సంగతి బాపు నాకు పలక పట్టకముందే చెప్పాడు. ధర్మపురి మనిషికి ఆ గీత కనిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ తర్వాత, భయంతో పాటు ఇంకోటి కూడా కలిగింది. నా తమ్ముడు గీసిన చూపు ఎంత నిజమైతే, నేను అంత తొక్కినా నిలబడుతుంది! ఆ రోజే పాత కౌగిలిని వెతికి బయటికి తీశాను. పక్కన పెట్టిన చోటే ఉంది.

మొన్నటి దసరాకు ఆ సీను ఫోన్లో పెట్టుకుని పోయాను. వాడు జమ్మి నుంచి వచ్చేసరికి పై గదిలోకి పిలిచాను. ముందు చూపించాను. ఓదన్న గుర్రం దిగాడు. మాటలు చెప్పాడు. కౌగిలించుకున్నాడు. రుమాలు ఎర్రబడింది. చిన్నోడు తలెత్తి, "కంపెనోళ్లు ఇప్పుడు ఒప్పుకున్నరా?" అని అడిగాడు.

అప్పుడు చెప్పాను. వాళ్లు ఎన్నడూ ఒద్దనలేదని, తీసింది నేనేనని, ఆమె ఫోన్లో ఏమన్నదో ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు చెప్పాను.

వాడికి ముందు కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ కోసింది. "నచ్చిందన్నరా?" అన్నాడు. అవునన్నాను. "పెంచుమన్నరా? ఏడ్సిన్రా?" అన్నాడు. వాడి మొహం విచ్చుకుంది. ఆ సంతోషాన్ని నేను ఇన్నేళ్లు నా దగ్గర దాచుకున్నానని వాడికి తర్వాత అర్థమైంది. మొహం మెల్లగా మారింది.

"గీ మాట ఇన్నేండ్లు నీ కాడ పెట్టుకున్నవా అక్కా?"

నేను క్షమించమనలేదు. అడిగితే అక్క కదా అని వాడు సరేననేవాడు. అలాంటి సరే నాకు వద్దు.

"నువ్ ఊ అంటెనే బయటికి పెడ్త," అన్నాను.

వాడు కిటికీ దగ్గరికి పోయాడు. "పెట్టు," అన్నాడు. "రాసినోడు అని నా పేరు పెట్టు. ఇంటిపేరుతోని, మొత్తం పెట్టు."

అంతవరకూ వాడి చేతిలో జమ్మి ఆకు ఉంది. దాన్ని ఒకసారి చూసుకున్నాడు. చొక్కా జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు ఆటలో వాడి పేరు అందరికంటే ముందు వస్తుంది. కింద చెడ్డమాటలు రాసినవాళ్లున్నారు. వాడలో గుసగుసలు మొదలయ్యాయి. అత్తగారి తరఫున ఒకాయన, "గది రాసింది మీ తమ్ముడేనట గదా?" అని గొంతు తగ్గించి అడిగాడు. నేను మా ఇంటి గొంతుతో, సాంచల మీదుగా కూడా వినపడేటట్టు, "మా తమ్ముడే" అన్నాను. జగిత్యాల నుంచి, వేములవాడ నుంచి, నాకు తెలియని ఊళ్ల నుంచి కుర్రవాళ్లు వాడికి రాస్తున్నారట. ఏం రాస్తున్నారో వాడు నాకు చెప్పడు. ధర్మపురి మనిషి మాత్రం అందరూ చూసేచోట రాశాడు. "గిప్పుడు మంచిగుంది."

చిన్నోడు నాతో మాట్లాడతాడు. ఆటలో ఏదైనా చెడితే ఫోన్ చేసి ఇది చెడిందంటాడు, నేను బాగుచేస్తాను. అంతకు మించి మాట్లాడడు. మాట్లాడతాడో లేదో నాకు తెలియదు. తెలియకుండానే ఉండటం నేర్చుకుంటున్నాను.

ఆ దసరా సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. నేను కిందికి దిగేసరికి అమ్మ తన చేతిలో ఆకు చూపించి, "చిన్నోడు నీకు బంగారం పెట్టిండా?" అని అడిగింది. పెట్టాడని ఒక్క మాట అంటే సరిపోయేది. అలాంటి మాటలు అనడంలో నాకు మంచి అలవాటుంది.

"పెట్టలేదమ్మా," అన్నాను.

"మర్సిపోయిండో ఏమో, పిల్వాల్నా?"

"మర్వలె. పిల్వకు."

వాడు వాకిట్లో తన ఈడువాళ్లను ఒక్కొక్కరినీ కౌగిలించుకుంటున్నాడు. గడపలో నిలబడి చూశాను. వాడి జేబులో నాకివ్వని ఆకు ఉంది. పుట్టిన్నుంచీ నా కాళ్లు మొక్కిన నా తమ్ముడు ఆ రోజు నాకు వంగలేదు. వంగనందుకు నాకెంత గర్వంగా ఉందో మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.